కరెంటు మరణాలూ ‘ఎక్స్‌గ్రేషియా’ అనే మాటా

సంపాదకులకు నమస్కారం.

తొలకరి పడిన దగ్గర్నుంచి మీ పత్రిక జిల్లా పేజీల్లో ఏటా తప్పకుండా కనిపించే వార్త ఒకటుంది. గాలివానకు కరెంటు తీగ తెగి పొలంలో పడింది, తెల్లవారుజామున మోటారు వేయడానికి వెళ్లిన రైతు చూసుకోకుండా దాన్ని తొక్కి చనిపోయాడు, కుటుంబానికి ఎక్స్‌గ్రేషియా అందేలా చూస్తామని అధికారులు హామీ ఇచ్చారు. నాలుగైదు వాక్యాల ఆ వార్త ఎప్పుడూ ఆ మాటతోనే ముగుస్తుంది. ముప్పై ఏళ్లకు పైగా జిల్లా కోర్టులో సివిల్ వకీలుగా ఉండి, ఇలాంటి దావాలు కొన్ని నడిపి, ఈమధ్యే నల్లకోటు పక్కన పెట్టిన నాకు ఆ మాట దగ్గరే అభ్యంతరం ఉంది. ఇవ్వవలసిన బాధ్యత ఏమీ లేకపోయినా దయతలచి ఇచ్చేదాన్ని ఎక్స్‌గ్రేషియా అంటారు. తన తీగ వల్ల మనిషి చనిపోయినప్పుడు విద్యుత్ పంపిణీ సంస్థ ఆ కుటుంబానికి పడేది బాకీ. బాకీ తీర్చేవాడు దాత వేషం కట్టడానికి వీలు ఎలా కలిగిందో తెలియాలంటే, ప్రభుత్వం మీద దావా వేయవచ్చా అన్న పాత ప్రశ్న దాకా వెళ్లాలి.

ఆ ప్రశ్నకు మన రాజ్యాంగం 300వ అధికరణంలో జవాబు చెప్పింది, కానీ అది తిన్నగా చెప్పిన జవాబు కాదు. రాజ్యాంగం అమల్లోకి రాకముందు ప్రభుత్వం మీద ఏయే విషయాల్లో దావా నిలిచేదో, చట్టసభలు వేరే చట్టం చేసేదాకా ఇప్పుడూ ఆయా విషయాల్లోనే నిలుస్తుందని ఆ అధికరణం అంటుంది. ముందు ఏముండేదని 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం తెరిస్తే అది 1915 చట్టాన్ని చూపిస్తుంది, 1915 చట్టం 1858 చట్టాన్ని చూపిస్తుంది, 1858 చట్టం చివరికి మనల్ని ఈస్టిండియా కంపెనీ గుమ్మం ముందు దించి పోతుంది. అంటే ఈనాడు మన ఊళ్లో ప్రభుత్వ ఉద్యోగి నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే, ప్రభుత్వం పూచీ పడాలా వద్దా అని తేల్చడానికి, ఇదే సంగతి కంపెనీ దొరల కాలంలో జరిగి ఉంటే కంపెనీ మీద దావా నిలిచేదా అని ఆలోచించాలన్నమాట. లా కాలేజీలో ఈ పాఠం విన్నప్పుడు నవ్వొచ్చింది. వకాల్తా పుచ్చుకున్నాక మళ్లీ ఎప్పుడూ నవ్వు రాలేదు.

కంపెనీ కాలపు కొలబద్దగా అందరూ ఎత్తిచూపేది 1861లో కలకత్తాలో వెలువడిన తీర్పు. కిడర్‌పూర్ డాక్‌యార్డులో ప్రభుత్వ కూలీలు బరువైన ఇనుప సామాను మోసుకుపోతూ, ఎదురుగా బండి రావడంతో కంగారుపడి దాన్ని నేల మీద పడేశారు. ఆ చప్పుడుకు గుర్రాలు బెదిరాయి, ఒకటి గాయపడింది. బండి ఓడల కంపెనీది. ప్రధాన న్యాయమూర్తి పీకాక్ నష్టపరిహారం ఇవ్వాల్సిందేనన్నారు గానీ, దానితోపాటు ఒక గీత కూడా గీశారు: మామూలు మనిషి కూడా చేయగలిగిన వ్యాపారంలాంటి పనుల్లో ప్రభుత్వానికి పూచీ ఉంటుంది, రాజ్యాధికారంతో మాత్రమే చేయగలిగిన పనుల్లో ఉండదు. ఆ గుర్రానికి న్యాయం జరిగింది. ఆ గీత మాత్రం నూట అరవై ఏళ్లకు పైగా మనుషుల కాళ్లకు అడ్డం పడుతూనే ఉంది.

స్వతంత్రం వచ్చాక ఆ గీత ఎంత దూరం పోయిందో 1965 తీర్పుల సంపుటాల్లో అచ్చయిన కస్తూరిలాల్ కేసు చెబుతుంది. 1947 సెప్టెంబరులో మీరట్ పోలీసులు ఒక అమృత్‌సర్ వ్యాపారిని అనుమానంతో పట్టుకుని, అతని బంగారం, వెండి మాల్ఖానాలో, అంటే స్వాధీనం చేసుకున్న వస్తువులు దాచే స్టేషన్ గదిలో, పెట్టారు. దానికి కాపలాగా ఉన్న హెడ్ కానిస్టేబుల్ బంగారం పట్టుకుని పాకిస్తాన్‌కు ఉడాయించాడు. పోలీసుల నిర్లక్ష్యం రుజువైంది, అయినా అరెస్టు, స్వాధీనం అనేవి రాజ్యాధికారంతో చేసే పనులు కాబట్టి ప్రభుత్వం రూపాయి కూడా ఇవ్వనక్కర్లేదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇలాంటి స్థితి తృప్తికరంగా లేదనీ, చట్టసభలు దీనికి తగిన చట్టం చేయడం గురించి ఆలోచించాలనీ ప్రధాన న్యాయమూర్తి గజేంద్రగడ్కర్ ఆ తీర్పులోనే అన్నారు. అంతకు ముందే, 1956లో, తొలి లా కమిషన్ తన మొట్టమొదటి నివేదికను ఈ ఒక్క విషయానికే కేటాయించి ఇదే మాట చెప్పింది. 1965లో ఒక బిల్లు వచ్చింది, 1967లో మళ్లీ వచ్చింది, రెండూ లోక్‌సభతో పాటే మురిగిపోయాయి. ఇక్కడొక సంగతి నన్ను ఎప్పుడూ గుచ్చుతుంటుంది. రాజు తప్పు చేయడన్న సూత్రాన్ని మనకు అంటగట్టిన ఇంగ్లండు, మనకు స్వతంత్రం ఇచ్చిన 1947లోనే క్రౌన్ ప్రొసీడింగ్స్ చట్టం చేసి తన ఇంట్లోంచి ఆ సూత్రాన్ని బయటికి నెట్టేసింది. రాజులేని మనం దాన్ని వాకిట్లోకి తెచ్చి పెట్టుకున్నాం.

కోర్టులు ఆ తరవాత చేతులు కట్టుకుని కూర్చోలేదు. కస్తూరిలాల్ పట్టును సడలించిన ముఖ్యమైన తీర్పు మన నేల మీద పుట్టిన కేసులోనిదే. 1975లో ఆంధ్రప్రదేశ్‌లో ఎరువులు, తిండిగింజల వ్యాపారం చేసే ఒక సంస్థ సరుకును అధికారులు నిత్యావసర సరుకుల చట్టం కింద స్వాధీనం చేసుకున్నారు. తరవాత తిరిగి ఇచ్చేయమని ఉత్తర్వు వచ్చేసరికి ఎరువులు ఎందుకూ పనికిరాకుండా పోయాయి. నష్టం అడిగితే హైకోర్టు కస్తూరిలాల్‌ను చూపి కాదంది. 1994లో నాగేంద్రరావు కేసుగా పేరుపడ్డ తీర్పులో సుప్రీంకోర్టు దాన్ని తిరగదోడి, సంక్షేమ రాజ్యం తన ఉద్యోగుల నిర్లక్ష్యానికి సార్వభౌమాధికారాన్ని అడ్డం పెట్టుకోవడం కుదరదనీ, రాజ్యాధికారపు పనులనీ మామూలు పనులనీ గీసే పాత గీతకు ఈ కాలంలో అర్థం పోయిందనీ తేల్చింది. కరెంటు విషయానికొస్తే 2002 నాటి మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు కేసు ఇంకా సూటిగా ఉంది. వానలో, నీళ్లు నిలిచిన రోడ్డు మీద తెగిపడిన తీగ తగిలి సైకిలు మీద ఇంటికి వెళ్తున్న కార్మికుడు చనిపోయాడు. ఎవరో కొక్కెం తగిలించి కరెంటు దొంగిలించబోతే తీగ జారిందని బోర్డు వాదించింది. ప్రమాదకరమైన వస్తువుతో వ్యాపారం చేసేవాడు నిర్లక్ష్యం చేశాడా లేదా అన్న ప్రశ్నే రాదనీ, మూడో మనిషి చేసిన పని అన్న సాకు కూడా చెల్లదనీ, ఇలాంటివి జరగవచ్చని ముందే ఊహించి జాగ్రత్త పడాల్సింది బోర్డేననీ సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

మరి ధర్మం ఇంత స్పష్టంగా ఉంటే నా గొడవ ఏమిటని మీరు అడగవచ్చు. నేను నడిపిన ఒక దావా గురించి చెబుతాను. పేర్లు అక్కర్లేదు, పంపిణీ సంస్థ పేరూ అక్కర్లేదు, ఎందుకంటే ఏ సంస్థ అయినా ఇలాగే జరిగేది.

అతను కౌలు రైతు. పత్తి చేనికి మందు కొడుతున్నాడు, భుజాన పంపు ఉంది, చేతిలో దాని ఇనుప గొట్టం ఉంది. గట్టు మీది స్తంభం రెండేళ్లుగా పక్కకు ఒరిగి, రెండు స్తంభాల మధ్య 11 కేవీ తీగ చెట్టుకు కట్టిన ఉయ్యాల తాడులా కిందికి జారి ఉంది. నిబంధన ప్రకారం బయలు పొలాల్లో అలాంటి తీగ నేలకు 4.6 మీటర్ల కన్నా దిగువకు రాకూడదు. ఆ రోజు అది మనిషి చేతి గొట్టానికి అందింది. స్తంభం సంగతి లైన్‌మన్‌కు ఎన్నిసార్లు చెప్పామో లెక్కలేదని ఊళ్లో అందరూ అన్నారు. కాగితం మీద పెట్టారా అంటే ఒక్కరూ పెట్టలేదు. పల్లెలో లైన్‌మన్‌కు నోటితో చెప్పడమే ఫిర్యాదు. కోర్టుకు నోటిమాట ఫిర్యాదు కాదు. పంచనామా అయిన మరునాడు సాయంత్రానికి సిబ్బంది వచ్చి కొత్త స్తంభం నాటి, తీగ బిగించి వెళ్లిపోయారు. ఇలాంటి వేగం బతికున్నప్పుడు చూపించి ఉంటే అని ఊళ్లోవాళ్లు అనుకున్నారు గానీ, వకీలుగా నాకు తోచింది వేరు. సాక్ష్యం మాయమైపోయింది. కోర్టు నియమించిన కమిషనర్ వెళ్లి కొలిచేసరికి అంతా సక్రమంగా ఉంది. పక్క చేను కుర్రాడు శవాన్ని ఫోనులో ఫొటో తీసినప్పుడు వెనకాల ఒరిగిన స్తంభం పడింది కాబట్టి కేసు బతికింది.

సంస్థ దాఖలు చేసిన జవాబు దావాలో మూడు వాదాలున్నాయి. తీగ నిబంధనల ప్రకారమే ఉంది. మృతుడు అజాగ్రత్తగా గొట్టం పైకెత్తాడు కాబట్టి ఇది అతని స్వయంకృతం. అప్పటికే మానవతా దృక్పథంతో ఎక్స్‌గ్రేషియా ఇచ్చాం, ఇక సంస్థ మీద ఎలాంటి క్లెయిమూ లేదని భార్య వేలిముద్ర వేసింది. మొదటి రెండు వాదాలను 2002 తీర్పు చూపి తోసిపుచ్చగలిగాం. మూడోదానికే ఎక్కువ చెమటోడ్చాల్సి వచ్చింది. ఆవిడ వేలిముద్ర వేసింది దశదిన కర్మల ఖర్చు కోసం. ఆ రశీదులో ఏం రాసి ఉందో ఆవిడకు చదివి వినిపించినవాళ్లు లేరు. ఏడేళ్లకు డిక్రీ వచ్చింది, దాని మీద అప్పీలు పడింది. సార్వభౌమాధికారం అన్న మాట ఆ ఫైలు మొత్తంలో ఎక్కడా లేదు. కోర్టులు ఆ మాటను కొట్టిపారేసినా, అది దయ అనే పేరుతో ఆ రశీదులోకి వచ్చి కూర్చుంది.

ఇలాంటి కుటుంబాలు సివిల్ దావా బదులు నేరుగా హైకోర్టులో రిట్, అంటే ప్రభుత్వ సంస్థలకు ఆదేశాలివ్వమని కోరే పిటిషన్, వేయవచ్చు కదా అంటారు. వేయవచ్చు, కొన్నిసార్లు హైకోర్టులు ఇప్పించాయి కూడా. కానీ 1999లో ఒడిశాకు చెందిన కేసులో, పిడుగుపాటుకు తీగ తెగిందని సంస్థ అంటూ ఉండగా, వాస్తవాల మీదే తగువు ఉన్నప్పుడు రిట్‌లో పరిహారం తేల్చడం తగదని సుప్రీంకోర్టు అనడంతో, సంస్థల తరఫు వకీళ్లకు ఒక మంచి తాళం దొరికింది. ఏ వాస్తవాన్నైనా కాదంటే చాలు, తగువు పుడుతుంది, రిట్ పోతుంది. సివిల్ కోర్టుకు వెళ్తే అడిగిన మొత్తాన్నిబట్టి కోర్టు ఫీజు కట్టాలి, లేదంటే పేదరికం రుజువు చేసుకుంటూ పాపర్ పిటిషన్ వేయాలి. మరణం జరిగిన రెండేళ్లలోపే దావా పడాలి, ఆ దావాకు ఆధారం 1855 నాటి ఫేటల్ యాక్సిడెంట్స్ చట్టం. ప్రభుత్వాన్ని కూడా పార్టీగా చేర్చాలంటే ముందు రెండు నెలల నోటీసు ఇవ్వాలి. వినియోగదారుల కమిషన్ తలుపు తట్టవచ్చు గానీ, రోడ్డున పోతూ తీగ తొక్కినవాడు వినియోగదారుడేనా అన్న ప్రశ్న అక్కడ కాచుకుని ఉంటుంది. ఉన్నవాటిలో మంచిదారి పర్మనెంట్ లోక్ అదాలత్. కరెంటు, తాగునీరు, పారిశుద్ధ్యం వంటి సేవల తగవులను కోటి రూపాయల దాకా అది విచారించగలదు, కోర్టు ఫీజు లేదు, రాజీ కుదరకపోతే తానే తీర్పు ఇచ్చే అధికారం దానికుంది. జిల్లాలో ఎంతమంది సర్పంచులకు దాని పేరు తెలుసో నాకు అనుమానమే. నేను కూడా నా కక్షిదారులను అక్కడికి తీసుకెళ్లడం చాలా ఆలస్యంగా మొదలుపెట్టానని ఒప్పుకోవాలి.

2003 విద్యుత్ చట్టం 168వ సెక్షన్ సంగతి కూడా ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే జవాబు దావాల్లో దీన్ని తరచూ తగిలిస్తారు. సదుద్దేశంతో చేసిన పనికి ప్రభుత్వం మీద, చార్జీలు ఖరారు చేసే విద్యుత్ నియంత్రణ మండలి మీద, వాటి అధికారుల మీద, ప్రజాసేవకుల మీద దావా పడదని ఆ సెక్షన్ అంటుంది. ఆ జాబితాలో పంపిణీ లైసెన్సుదారు, అంటే డిస్కం, లేదు. ఉద్యోగికి ఇచ్చిన రక్షణను సంస్థ తన గొడుగుగా చూపించుకోవడం చెల్లదు. ఉద్యోగికి ఆ రక్షణ ఉండటం మాత్రం నాకు సమ్మతమే. నెలకు కొద్ది వేల జీతం మీద నాలుగైదు ఊళ్ల తీగలు మోసే లైన్‌మన్‌ను, ఏ హక్కూ లేని ప్రైవేటు హెల్పర్‌ను బోనులో నిలబెట్టి చేతులు దులుపుకోవడం కూడా సంస్థ పూచీని తప్పించే మరో పద్ధతి. స్తంభాలెక్కి చనిపోతున్నవాళ్లలో వాళ్లూ ఉన్నారు.

పట్టణాల్లో పరిస్థితి మరో రకం చిక్కు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో శ్రీకృష్ణ జన్మాష్టమి శోభాయాత్ర రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తరవాత నగరంలో స్తంభాలకు వేలాడే కేబుళ్లను తొలగించే పని మొదలైంది, దాని మీద వాదులాటలూ మొదలయ్యాయి. స్తంభం డిస్కంది, దాని మీది కేబుళ్లు ప్రైవేటు ఆపరేటర్లవి, రోడ్డు కార్పొరేషన్‌ది. ఇలాంటి చోట ఎవరి తప్పు ఎంతో వాళ్లలో వాళ్లు తేల్చుకునేదాకా కుటుంబాలు ఎందుకు వేచి ఉండాలి? కరెంటు ఎవరిదో వాళ్లు ముందు చెల్లించి, ఆనక మిగతావాళ్ల దగ్గర రాబట్టుకోవాలి. బొంబాయి హైకోర్టు 2025 అక్టోబరులో రోడ్డు గుంతలు, మూతలేని మ్యాన్‌హోళ్ల విషయంలో దాదాపు ఈ దారే పట్టింది. మరణానికి 6 లక్షలు, గాయాలకు తీవ్రతనుబట్టి 50 వేల నుంచి రెండున్నర లక్షల దాకా సంబంధిత సంస్థలే చెల్లించాలని ఉత్తర్వు ఇచ్చింది. తాగునీటికీ ఇదే న్యాయం వర్తించాలి. 2018 మార్చిలో గుంటూరులో కలుషిత నీటివల్ల అతిసారం ప్రబలి పలువురు చనిపోయినప్పుడు కూడా మనం విన్నది సాయం గురించే గాని పూచీ గురించి కాదు.

సంస్థలు చెప్పే మాట ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. డిస్కంలు అప్పుల్లో ఉన్నాయి, పరిహారం పెంచితే చివరికి అది చార్జీల రూపంలో మన బిల్లులోకే వస్తుంది అంటారు. నిజమే, నియంత్రణ మండలి ఆ ఖర్చును చార్జీల లెక్కలో అనుమతిస్తే వస్తుంది. అందుకే, నిర్లక్ష్యం రుజువైన కేసుల్లో చెల్లించిన పరిహారాన్ని చార్జీల లెక్కలోకి రానివ్వకూడదని నా అభిప్రాయం. ఒరిగిన స్తంభం సరిచేయడం కన్నా మనిషి ప్రాణం చవకగా ఉన్నంతకాలం స్తంభం ఒరిగే ఉంటుంది. డబ్బు లేదన్న మాటకు రత్లాం మునిసిపాలిటీ కేసులో 1980లోనే జస్టిస్ కృష్ణయ్యర్ జవాబిచ్చారు: ప్రజల ఆరోగ్యానికి సంబంధించిన చట్టబద్ధమైన విధికి ఖజానా ఖాళీ అనే సమాధానం పనికిరాదు. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో ఈ దేశంలో కరెంటు తగిలి ఏటా 12 వేలమందికి పైగా పోతున్నారు. వీటిలో అన్నీ డిస్కంల తప్పిదాలు కావు, ఇళ్లలో జరిగేవీ ఉన్నాయి. ఏది ఎవరి తప్పో తేల్చే యంత్రాంగం నమ్మకంగా లేకపోవడమే నా ఫిర్యాదు.

పూచీ లేకపోతే ఏమవుతుందో చూడాలంటే మన పిల్లలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డ టెక్సాస్ వైపు చూడవచ్చు. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో అక్కడ లక్షల ఇళ్లకు రోజుల తరబడి కరెంటు లేక, చలికి తట్టుకోలేక, వెచ్చదనం కోసం ఇళ్లలో నిప్పు రాజేసుకుని ఆ పొగకు ఊపిరాడక, 200 మందికి పైగా చనిపోయారు. గ్రిడ్‌ను నడిపే ఎర్కాట్ పేరుకు లాభాపేక్ష లేని ప్రైవేటు కార్పొరేషన్. అయినా అది రాష్ట్ర ప్రభుత్వ అంగమేననీ, సార్వభౌమ రక్షణ దానికీ ఉందనీ అక్కడి సుప్రీంకోర్టు 2023 జూన్‌లో 5–4 మెజారిటీతో తీర్పు చెప్పింది. కోర్టుకెక్కింది విద్యుత్ వ్యాపార సంస్థలే అయినా, ఆ గోడ బాధిత కుటుంబాలకూ అడ్డం నిలిచింది. మన సుప్రీంకోర్టు ఆ దారిన పోలేదు. ఈ విషయంలో మన న్యాయశాస్త్రం ముందుంది, మన కార్యాలయాలే వెనకపడ్డాయి.

నేను కోరేది కొత్త కమిషన్ కాదు. 1956 నాటి సిఫారసు ప్రకారం ప్రభుత్వ పూచీని నిర్వచించే చట్టం పార్లమెంటు చేయాలి. అది చేసేదాకా చేతులు ముడుచుకోవాల్సిన పని రాష్ట్రాలకు లేదు, తమ పూచీకి సంబంధించిన చట్టం తాము చేసుకునే వీలు 300వ అధికరణంలోనే ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభల్లో ఏది ముందడుగు వేసినా రెండోది అనుసరించక తప్పదు. అంతకన్నా తేలికైన పని మరొకటుంది, దానికి చట్టం కూడా అక్కర్లేదు. ప్రమాదం జరిగిన ఇరవై నాలుగు గంటల్లో ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌కు కబురు అందాలి, ఆయన విచారించి నివేదిక ఇవ్వాలి, ఇది విద్యుత్ చట్టం 161వ సెక్షన్ కింద ఉన్న ఏర్పాటే. ఆయన వచ్చి స్తంభాన్ని, తీగ ఎత్తునూ కొలిచి ఫొటోలు తీసేదాకా సంస్థ అక్కడ సరఫరా ఆపి మిగతాదేదీ ముట్టుకోకూడదని నియంత్రణ మండళ్లు ఆదేశించాలి. ఆ నివేదిక ప్రతి అడగకుండానే కుటుంబం చేతికి, తెలుగులో, చేరాలి. ఇప్పుడది సమాచార హక్కు దరఖాస్తు పెట్టుకుంటే గాని దొరకడం లేదని నా అనుభవం. మొదట ఇచ్చే మొత్తాన్ని మధ్యంతర పరిహారం అని రాయాలి, ఇక క్లెయిము లేదని సంతకం తీసుకునే రశీదును రద్దు చేయాలి.

మీ విలేకరులకు ఒక మనవి. ఈసారి జిల్లా పేజీలో తీగ తెగి మనిషి చనిపోయిన వార్త రాసినప్పుడు, ఎక్స్‌గ్రేషియా ఎంత ప్రకటించారని అధికారిని అడిగే చోట, ఆ స్తంభం గురించి అంతకు ముందు ఎవరైనా చెప్పారా అని ఊళ్లో అడగండి, ఇన్‌స్పెక్టర్ వచ్చేదాకా స్తంభాన్ని అలాగే ఉంచారా అని సంస్థ అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ)ని అడగండి. నా దావాలో మాకు దొరికిన ఒకే ఒక్క సాక్ష్యం పక్క చేను కుర్రాడి ఫోనులో అనుకోకుండా పడిన స్తంభం. మీ ఫొటోగ్రాఫర్ కావాలని తీస్తే ఇంకా బాగా పడుతుంది.

భవదీయుడు,
ఒక విశ్రాంత న్యాయవాది,
పల్నాడు జిల్లా